హోరేస్ బెండకాయలు

"డీకన్ గారూ, బెండకాయలు మొదలయ్యాయా?"

ప్రతి జూన్‌లోనూ మా చర్చి మెట్ల మీద ఎవరో ఒకరు, చర్చి పెద్దల్లో ఒకడైన నా భర్తని ఈ ప్రశ్న అడుగుతారు. హోరేస్ టోపీ కాస్త వెనక్కి జరిపి, ఇంకో వారం ఓపిక పట్టండి అంటాడు. నేను పక్కనే కేకు పళ్లెం పట్టుకుని నిలబడి ఉంటాను. నన్నెవరూ అడగరు. దక్షిణ జార్జియాలో మా కౌంటీ మొత్తానికి హోరేస్ టిల్మన్ బెండకాయలంటే తెలుసు. చర్చిలో చేపల విందు పెట్టినా, ఎవరింట్లోనైనా చావు జరిగి భోజనాలు పంపాల్సి వచ్చినా, మొక్కజొన్న పిండిలో దొర్లించి వేయించిన హోరేస్ బెండకాయలు ఉండాల్సిందే. హోరేస్ నా భర్త, నిజమే. బెండకాయలు మాత్రం నావి.

అతను ఏమీ చెయ్యడని అనను, అన్యాయంగా మాట్లాడటం నాకు రాదు. ఏప్రిల్‌లో ఒక శనివారం తమ్ముడి దగ్గర దున్నే యంత్రం అడిగి తెస్తాడు. ఇంటి వెనక స్థలం గంటలో దున్నేసి, చెమట తుడుచుకుని, ఐసు వేసిన తియ్యటి టీ రెండు గ్లాసులు తాగుతాడు. మళ్లీ ఆ మట్టిలో అతని కాలు పడేది కాయలు కాశాకే. మధ్యలో జరిగేదంతా దానంతట అదే జరుగుతుందని అనుకుంటాడో, అసలు అనుకోనే అనుకోడో నాకు తెలియదు. బెండ గింజ గులకరాయిలా గట్టిది. ఒక్కొక్కదాన్నీ పట్టుకుని గోళ్లు తీసే కత్తెరతో పైతోలు కొంచెం గిల్లాలి, లోపలి పప్పుకి తగలకుండా. మజ్జిగలో నానెయ్యాలి. నేల చల్లగా ఉంటే గింజ కుళ్లిపోతుంది, అందుకని పొద్దున్నే చెప్పులు విప్పి మట్టిలో నిలబడి చూసుకోవాలి. అరికాళ్లకి చలి తగలని రోజున విత్తాలి. మొలిచాక గట్టి మొలకని ఉంచి పక్కది పీకెయ్యాలి. ఆ తర్వాత కలుపు, నీళ్లు, చీమలు. కాయలు మొదలయ్యాక రోజు విడిచి రోజు కొయ్యాలి, ఒక్క పూట అశ్రద్ధ చేస్తే కాయ ముదిరి కర్ర అయిపోతుంది. కొయ్యడమంటే మోచేతుల దాకా మొక్కలోకి చేతులు దూర్చడం. ఆకుకీ కాడకీ కాయకీ కంటికి కనపడని నూగు ఉంటుంది. అది ఒంటికి అంటుకుంటే సాయంత్రం దాకా దురద, దద్దుర్లు. అందుకని చిరిగిపోయిన పొడుగు మేజోళ్లని పాదాల దగ్గర కత్తిరించి చేతులకి తొడుక్కుంటాను. మా అమ్మ నేర్పిన ఉపాయం. ఒకసారి వాటిని ఉతికి తీగ మీద ఆరేస్తే, చిరుగుల మేజోళ్లు నలుగురి కంటా పడేలా ఆరేస్తావేంటి, పాస్టర్ గారు వచ్చిపోయే ఇల్లు ఇది అన్నాడు హోరేస్. అవి ఎందుకని మాత్రం అడగలేదు. అప్పటినుంచి వాటిని వెనక వరండాలో, బకెట్ల చాటున ఆరేస్తున్నాను.

ఇల్లొక్కటే అయితే ఇదంతా చెప్పుకునేదాన్ని కాదేమో. ఇరవై తొమ్మిదేళ్లు బడి వంటింట్లో పనిచేశాను. నాలుగు వందల మంది పిల్లలకి పొద్దున ఫలహారం, మధ్యాహ్నం భోజనం. నలుగురు ప్రిన్సిపాళ్లు మారారు, అందులో ముగ్గురికి నా పేరు వెర్డెల్ అని తెలియదు. కిందటి ఏడాది రిటైరయిన రోజున కేకు కోయించారు, ఆ కేకు చేసింది కూడా నేనే. కాగితంలో చుట్టి ఒక కానుక ఇచ్చారు. విప్పితే ఎర్రటి కొత్త ఏప్రాన్. ఇన్నేళ్లు వంట చేసిన మనిషి ఇక వంట మానేస్తుంటే ఏప్రానా అని అక్కడే నవ్వొచ్చింది, నవ్వాను. సంతోషం పట్టలేక నవ్వుతున్నాననుకుని చప్పట్లు కొట్టారు.

బెండ సంగతికొస్తాను. అది మా అమ్మ లుటీషాది. అమ్మ పక్క కౌంటీలో నది ఒడ్డున ఉండేది, అమ్మకి వాళ్ల అమ్మమ్మ ఇచ్చింది. మనిషి కన్నా ఎత్తు పెరిగే మొక్క, పాలు కలిపినంత లేతాకుపచ్చ కాయ. చెయ్యంత పొడుగైనా గోరు గుచ్చితే దిగిపోయేది. అమ్మకి ఒక పద్ధతి ఉండేది. వరసలో అన్నిటికన్నా బాగున్న మొక్కలు చూసి, వాటికి పడ్డ మొట్టమొదటి పిందెల కాడలకి ఎర్రబట్ట పీలికలు కట్టేది. వాటిని ముట్టుకోకూడదు. అవి చెట్టుకే ఎండి, ఊపితే గలగలలాడేదాకా ఉంచి గింజ తీసేది. చలికాలమంతా ఎండు చిక్కుడు గింజలూ క్యాబేజీ తిన్న పిల్లలం, కొత్త ఏడాది తొలి బెండకాయలు కళ్లముందు ఊగుతుంటే నోరూరి ఏడ్చేవాళ్లం. అమ్మ కరిగేది కాదు. "మొక్క ఓపికలో ఉన్నప్పుడు కాసినవి విత్తనానికి. అలిసిపోయాక కాసేవి ఎలాగూ మనమే తింటాం," అనేది.

నా పెళ్లికి అమ్మ ఒక నశ్యం డబ్బా నిండా గింజలిచ్చింది. సగం మట్టిలో వెయ్యి, సగం డీప్ ఫ్రీజర్‌లో దాచు, ఒక్క ఏడాది వానని నమ్ముకోకు అని చెప్పి మరీ ఇచ్చింది. ఆ మొదటి వేసవిలో అమ్మ చెప్పినట్టే ఎర్ర పీలికలు కట్టాను. మా అత్తగారు మిస్ ఓరా, మా వైపు పెద్దావిడల్ని మిస్ అనే అంటాం, అప్పుడు మాతోనే ఉండేది. పెరట్లోకొచ్చి చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఇంట్లో మగాడుండగా తొలికాయ చెట్టుకి ఎండబెట్టే ఆడదాన్ని నిన్నే చూశా," అంది. ఆవిడే కత్తి తెచ్చి ఇచ్చింది, నేనే కోశాను. వేయించి పెడితే హోరేస్ రెండు పళ్లేలు తిని, నీ చేతిలో ఏదో మహిమ ఉంది పిల్లా అన్నాడు. నాకు ఇరవై ఐదేళ్లు. సిగ్గు లేకుండా చెప్తున్నాను, ఆ మాటకి పొంగిపోయాను. ఆ ఏడాది గింజలు ఎక్కడి నుంచి తీశానంటే, నవంబరులో మంచు పడ్డాక మొక్కల చివర్లో మిగిలిన గిడసబారిన కాయల నుంచి. ఆ తర్వాత ఏడాదీ అంతే. మిస్ ఓరా పోయి పద్దెనిమిదేళ్లయింది, అయినా అదే అలవాటు. తొలివి హోరేస్‌కి, మంచివి చర్చికి, మిగిలినవి విత్తనానికి. ముప్పై ఎనిమిదేళ్లు మిగిలినవాటిని విత్తుకుంటూ వచ్చాను. మొక్క ఏటేటా కొంచెం పొట్టిదైంది, కాయకి ముళ్లొచ్చాయి, రెండో రోజుకే ముదరడం మొదలైంది. చర్చిలో ఎవరూ గమనించలేదు. నేను గమనించి కూడా నోరు మెదపలేదు.

వంట దగ్గర ఇంకో అలవాటు చేసుకున్నాను. తరిగేటప్పుడు కత్తి దిగని ముదురు కాయలుంటాయి కదా. పారేస్తే మిస్ ఓరా ఊరుకునేది కాదు, హోరేస్ పళ్లెంలో పడితే అతను ఊసేవాడు. అందుకని అవి వేరే తీసి నా పళ్లెంలో వేసుకునేదాన్ని. నార నమిలి నమిలి పక్కన పెట్టేదాన్ని. మా రెనీటా చిన్నప్పుడు అడిగింది, అమ్మా నువ్వు అవే ఎందుకు తింటావని. "నాకు ముదురే ఇష్టం, పంటికి తగులుతుంది," అన్నాను.

రెనీటా ఇప్పుడు అట్లాంటాలో ఆస్పత్రి లాబ్‌లో పెద్ద ఉద్యోగం చేస్తోంది, కింద పదిమంది పనిచేస్తారు. కిందటి జులైలో ఒక బుట్టెడు బెండకాయలు తీసుకుని దాని దగ్గరికి వెళ్లాను. అది వంట చేస్తుంటే స్టూలు మీద కూర్చుని చూస్తున్నాను. చకచకా తరుగుతోంది. కత్తి దిగని కాయలు చూడకుండానే ఒక పక్కకి నెట్టేస్తోంది. అందరం తినడానికి కూర్చున్నాక ఆ పక్కవి తెచ్చి తన పళ్లెంలో వేసుకుంది. మొగుడి పళ్లెంలో లేతవి, పిల్లలకి లేతవి, నాకూ లేతవే. అదేంటే అన్నాను. "నాకు ఇవే ఇష్టం అమ్మా, పంటికి తగుల్తాయి," అంది. నా మాటే, నా గొంతే. దానికి చదువు చెప్పించాను, కారు నడపడం నేర్పించాను, ఎవడి ముందూ తల దించుకోవద్దని చెప్పాను. ఇది నేర్పుతున్నానని నాకే తెలియదు.

ఈ మార్చిలో కెండ్రా అనే అమ్మాయి ఫోన్ చేసింది. పాత రకాల కూరగాయల విత్తనాలు పోకుండా సేకరించి దాచే చోట పనిచేస్తుందట. మా చర్చి విందులో ఎప్పుడో తిన్నదట, హోరేస్ గారి బెండ గింజలు కావాలంది. జులైలో వచ్చి మొక్కని చూసి, వివరాలు రాసుకుని, శరదృతువులో గింజలు తీసుకుంటానంది. వాటికి పేరు పెట్టి పట్టికలో ఎక్కిస్తారట. హోరేస్ ఆ వారమంతా నేల మీద నడవలేదు. "టిల్మన్ బెండ," అని అద్దం ముందు టై కట్టుకుంటూ పైకి అని చూసుకున్నాడు. "మా నాన్న ఉంటే ఎంత మురిసిపోయేవాడో," అన్నాడు. వాళ్ల నాన్న బెండకాయ నోట పెట్టేవాడు కాడు, జిగురని.

అతను చర్చికి వెళ్లాక డీప్ ఫ్రీజర్ దగ్గరికి వెళ్లి, మాంసం పొట్లాలూ బఠానీ సంచులూ తీసి నేల మీద పెట్టి, అట్టడుగుకి చెయ్యి పెట్టాను. ఆ ఫ్రీజర్ రెండుసార్లు మారింది, రెండుసార్లూ అమ్మ ఇచ్చిన నశ్యం డబ్బాని నా చేత్తో మార్చింది నేనే. అందులో ఏముందో మర్చిపోయానని అబద్ధం చెప్పను. తియ్యడానికి ధైర్యం లేకపోయింది, అంతే. అమ్మ డబ్బాకి చుట్టి ఇచ్చిన మైనం గుడ్డ అలాగే ఉంది. సగం డబ్బా ఉండాలి, కాని చెమ్మ తగిలి చాలా నల్లబడిపోయాయి. బాగున్నవి ఏరితే ఇరవై మూడు. మే నెల దాకా ఆగాను. నేల వెచ్చబడ్డాక గోళ్ల కత్తెరతో గిల్లి, మజ్జిగలో నానేసి, బట్టల తీగ అవతల విత్తాను, పెద్ద వరసకి దూరంగా. ఏడు మొలిచాయి. ఒకదాన్ని పురుగు మొదలంటా కొట్టేసింది. ఆరు మిగిలాయి. ఈ ఆరూ పోతే మా అమ్మ బెండ ఈ భూమ్మీద ఇంకెక్కడా లేదు.

ఆ ఆరింటినీ చంటిపిల్లల్లా చూసుకున్నాను. బెండ పువ్వు ఒక్క పూటే విచ్చుకుంటుంది, తేనెటీగ పెద్ద వరసలోంచి పుప్పొడి తెచ్చి దీంట్లో పడేసిందంటే రకం చెడిపోతుంది. అందుకని మొగ్గ రేపు విచ్చుకుంటుందనగా దానికి చిన్న గుడ్డసంచి తొడిగి ముడి వెయ్యాలి. సంచులకి హోరేస్ ఆదివారం చేతిరుమాళ్లు కత్తిరించాను, మంచి నూలు, ఏళ్ల తరబడి నేను ఇస్త్రీ చేసినవే. పిందె పడ్డాక సంచి విప్పి ఎర్ర పీలిక కట్టాను. పీలికలకి ఎర్రబట్ట వెతుక్కోనక్కర్లేదు, బడి వాళ్లిచ్చిన ఏప్రాన్ ఉంది. చించుతుంటే పర్రుమని చప్పుడొచ్చింది, ఆ చప్పుడు నాకు చాలా బాగుంది.

హోరేస్ కంట పడకుండా ఉంటాయా. జూన్ చివర్లో ఒకరోజు వరండాలోంచి అరిచాడు, అక్కడ చెయ్యంత కాయలు వేలాడుతుంటే నాకు మధ్యాహ్నం చిక్కుడు గింజలు పెడతావా అని. అవి విత్తనానికి, వాటి జోలికి వెళ్లకు అన్నాను. నవ్వాడు. తొలికాయ ఎండబెట్టే పిచ్చి మీ వైపు వాళ్లకి పోలేదన్నమాట, అమ్మ అనేది అన్నాడు. అమ్మంటే మిస్ ఓరా. నేను చేతిలోని గిన్నె కింద పెట్టి అతని దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. ఎర్ర పీలిక ఉన్నది ఒక్కటి కూడా ముట్టుకోవద్దు హోరేస్ అన్నాను. నా మొహంలో ఏం కనపడిందో, సరే సరే అని లోపలికి వెళ్లిపోయాడు. ఒక మాట చెప్పాలి. అతను ఎప్పుడూ నా మీద చెయ్యెత్తలేదు. మా అమ్మ పోయినప్పుడు నాకన్నా ఎక్కువ ఏడ్చాడు. చర్చిలో ఆడవాళ్లు నీకేం తల్లీ దేవుడిలాంటి మొగుడు అంటారు, నేనూ అవునంటాను. ఆ రోజు సరే అన్నాడు కదా, నమ్మాను.

కెండ్రా వచ్చే రోజు జులై మధ్యలో పడింది. పొద్దున్నే దుప్పట్లు ఉతికి తీగ మీద ఆరేశాను, కేకు చేశాను, ఇల్లు తుడిచాను. హోరేస్ పొడుగు చేతుల తెల్లచొక్కా వేసుకుని, మణికట్టు దగ్గర బంగారు గుండీలు పెట్టుకున్నాడు, ఆ ఎండలో. పది గంటలకి, టీలోకి నిమ్మకాయలు లేవే, వచ్చే మనిషికి నిమ్మకాయ లేకుండా టీ ఇస్తామా అన్నాడు. నేనే వెళ్లాను. దుకాణానికి వెళ్లి రావడం నలభై నిమిషాలు.

తిరిగొచ్చేసరికి గుమ్మం ముందు కొత్త కారు. ఇంటి పక్కనుంచి వస్తుంటే పెరట్లో చప్పుడు వినపడింది. హోరేస్ పీచ్ కొమ్మ ఒకటి విరిచి పెద్ద వరసలోని బెండ కాడల్ని సపాసపా కొడుతున్నాడు. మిస్ ఓరా పద్ధతి అది, బద్ధకించిన బెండకి నాలుగు దెబ్బలు వేస్తే కాస్తుందని. కెండ్రా అనే అమ్మాయి, ముప్పై లోపే ఉంటుంది, జడలన్నీ పైకి కట్టుకుని పుస్తకంలో ఏదో రాసుకుంటోంది. మా అమ్మ ఎన్నడూ మొక్కని కొట్టలేదు. సరే, కొట్టుకోనీ అనుకుని వంటింట్లోంచి వరండాలోకొచ్చాను. బల్ల మీద నా పెళ్లినాటి పింగాణీ పళ్లెం ఉంది. అందులో పెద్ద పెద్ద బెండకాయలు వరసగా పేర్చి ఉన్నాయి, లేతాకుపచ్చవి. కాడలకున్న ఎర్ర పీలికలు కూడా విప్పలేదు. అలంకారంగా ఉంటుందనుకున్నాడు కాబోలు.

నేను కట్టిన పీలికలన్నీ ఆ పళ్లెంలోకే వచ్చేసినట్టనిపించింది. ఒక కాయని విరిచి చూశాను. గింజ ఇంకా తెల్లగా, మెత్తగా ఉంది. ఇంకో మూడు వారాలాగితే నల్లబడి గట్టిపడేది. ఇప్పుడు అది తినడానికీ పనికిరాదు, విత్తడానికీ పనికిరాదు. మొక్క మళ్లీ కాస్తుంది, నిజమే. కాని అవి మళ్లీ మిగిలిన కాయలే కదా. నిమ్మకాయల సంచి ఇంకా చేతిలోనే ఉంది.

వాళ్లిద్దరూ వచ్చి కూర్చున్నారు. హోరేస్ నన్ను పరిచయం చేశాడు, మా ఆవిడ, వంట బాగా చేస్తుంది అని. నేను టీ పోశాను. కెండ్రా పుస్తకం తెరిచి ప్రశ్నలు మొదలుపెట్టింది.

"కోసేటప్పుడు దురదకి మీరేం చేస్తారు సార్? నేనైతే రెండు చొక్కాలు తొడుక్కున్నా ఆగదు."

హోరేస్ నవ్వాడు. "దురదా? మా బెండకి దురదుండదమ్మా. అదే దాని గొప్పతనం."

ఆ అమ్మాయి ఆశ్చర్యపోయి రాసుకుంది. నేను కూజా పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాను, ఆమె రాస్తున్న అక్షరాలు తలకిందులుగా కనపడుతున్నాయి. దురద లేని రకం. తర్వాత నానబెట్టడం గురించి అడిగింది. హోరేస్ నీళ్లలో అన్నాడు. విత్తనానికి ఏ కాయలు ఉంచుతారని అడిగింది. హోరేస్ నా వైపు తిరిగాడు. ముప్పై ఎనిమిదేళ్లుగా తిరుగుతున్నట్టే. బీమా కాగితాల దగ్గర, డాక్టరు దగ్గర, చర్చిలో బైబిలు వచనం మర్చిపోయినప్పుడు. నేను వెనకనుంచి మెల్లగా అందిస్తాను, అతను ముందునుంచి గట్టిగా చెప్తాడు.

"వెర్డెల్, అదేదో చెప్పు," అన్నాడు.

"నువ్వే చెప్పు హోరేస్," అన్నాను. "నీ బెండే కదా."

గొంతు పెంచలేదు. మామూలుగానే అన్నాను. పైన ఫ్యాను తిరుగుతోంది. హోరేస్ బంగారు గుండీని తిప్పుకుంటూ కూర్చున్నాడు. "అదే... కాయల్లోంచే తీస్తాం," అన్నాడు చివరికి. కెండ్రా కలం కింద పెట్టింది. నేను కూజా బల్ల మీద పెట్టి పెరట్లోకి వెళ్లిపోయాను. దుప్పట్లు ఆరిపోయి ఉంటాయి, తియ్యాలి. ఏదో ఒక పని చెయ్యకపోతే ఏం చేసేదాన్నో.

మొదటి దుప్పటి క్లిప్పులు తీసి లాగేసరికి దాని వెనకాల ఆరో మొక్క ఉంది. ఎర్ర పీలికలతో, ఏడు కాయలతో, చెక్కుచెదరకుండా. పొద్దున నేను ఆరేసిన దుప్పటి దాన్ని కప్పేసింది. ఐదు మొక్కల దగ్గరికి వెళ్లి కోసిన మనిషి ఆరేసిన దుప్పటి ఎత్తి వెనక్కి చూడలేదు. ఎందుకు చూస్తాడు, పెళ్లయినప్పటినుంచి బట్టల తీగ దగ్గరికి వెళ్లిన మనిషి కాదు. నేను అక్కడే మట్టిలో కూలబడి ఏడ్చాను. అమ్మ కోసం కొంచెం, నా మీద కోపంతో ఎక్కువ.

దుప్పటి రెండో కొస ఎవరో పట్టుకున్నారు. కెండ్రా. ఏమీ అడక్కుండా నాతోపాటు మడతపెట్టింది. తర్వాత మొక్క ముందు గొంతుకూర్చుని, పీలిక చూసింది, కాయ చూసింది. నా మోచేతుల మీది దద్దుర్లు చూసింది. ముందురోజు కోత రోజు.

"ఇది ఎవరి బెండ మిస్ వెర్డెల్?"

"మా అమ్మది. లుటీషా గెయిన్స్." ఆ పేరు బయటివాళ్లెవరికైనా చెప్పి ఎన్నేళ్లయిందో. తర్వాత అన్నీ చెప్పాను. గోళ్ల కత్తెర, మజ్జిగ, అరికాళ్లు, తొలికాయ. పెద్ద వరసది కూడా అదే విత్తనమనీ, దాన్ని నేనే పాడు చేశాననీ, మా అత్తగారు కత్తి ఇస్తే పుచ్చుకున్నది నేనేననీ చెప్పాను. ఆమె పుస్తకంలో ఒక పేజీ మొత్తం కొట్టేసి కొత్త పేజీ తెరిచింది.

ఆ రోజునుంచి నేను పెద్ద వరస కొయ్యడం మానేశాను. ఎవరితోనూ పోట్లాడలేదు. ఆరో మొక్కకి నీళ్లు పోశాను, పక్షులు రాకుండా చూసుకున్నాను. చర్చి మెట్ల మీద ఎవరో టిల్మన్ బెండ సంగతేమయింది డీకన్ అంటే, హోరేస్ ఎండలు ఎక్కువయ్యాయి అని వేరే మాట తీశాడు. కెండ్రా దగ్గరినుంచి కాగితం వచ్చింది. పైన లుటీషా బెండ అని ఉంది, ఇచ్చినవారు అన్నచోట నా పేరు. హోరేస్ దాన్ని రెండుసార్లు చదివి మడిచి బల్ల మీద పెట్టాడు. "నాకు ముందే చెప్పొచ్చుగా," అన్నాడు. ఏది ముందే చెప్పాలో అతనికీ తెలియదనుకుంటాను.

సెప్టెంబరు మొదట్లో కాయలు ఎండి గలగలలాడాయి. రెనీటా ఒక్కతే కారేసుకుని వచ్చింది. ఇద్దరం వరండాలో కూర్చుని కాయలు చీల్చాం. నాలుగు వందల పైన గింజలు, గుండ్రంగా, బూడిదరంగులో. సగం కెండ్రాకి కవరులో పోశాను. మిగిలినవాట్లో సగం అమ్మ నశ్యం డబ్బాలో పోసి ఫ్రీజర్‌కి, సగం రెనీటాకి. దానికి పెరడు లేదు, మెట్ల పక్కన నాలుగు కుండీలు పెట్టుకుంటానంది. తొలికాయ తినకు అని చెప్పాను. పిల్లలు ఏడుస్తారేమో అంది. ఏడవనీ అన్నాను.

మధ్యాహ్నం వంట రెనీటా చేస్తానంది. పెద్ద వరసలోంచి దొరికినవి కోసుకొచ్చింది. వారాల తరబడి ఎవరూ కొయ్యక సగానికి సగం కర్రలయిపోయాయి. ముగ్గురం బల్ల దగ్గర కూర్చున్నాం. హోరేస్ ప్రార్థన చేశాడు. రెనీటా చెయ్యి అలవాటుగా కూర పళ్లెంలోకి వెళ్లి, లేతవి నాన్నకి నెట్టి, ముదురువి తన వైపు లాక్కోవడం మొదలుపెట్టింది. నేను దాని పళ్లెం తీసుకుని, అందులోవి చెత్త బకెట్లో పడేసి, మళ్లీ తెచ్చి పెట్టాను.

"అదేంటమ్మా, నాకవే ఇష్టం. నీకూ అవే ఇష్టం కదా," అంది.

"లేదు," అన్నాను. "నేను అబద్ధం చెప్పాను రెనీటా. వాటిని ఎవరూ ఇష్టపడి తినరు."

నేను లేతవి రెండు గరిటెలు దాని పళ్లెంలో వేశాను, రెండు నా పళ్లెంలో వేసుకున్నాను. హోరేస్‌కి మిగిలినవి కొన్ని లేతవే, చాలావరకు ముదురువి. ఒకటి నమిలి, నార తీసి పళ్లెం అంచున పెట్టాడు.

"ఈ ఏడాది ఇలా ముదిరిపోయాయేంటి?" అన్నాడు.

"కోసేవాళ్లు లేక. రోజు విడిచి రోజు కొయ్యాలి వాటిని. రేపు పొద్దున నువ్వు మొదలుపెట్టు."

నవ్వుతానేమోనని చూశాడు. నవ్వలేదు. లేచి వెనక వరండాలోకి వెళ్లి, బకెట్ల చాటున ఆరేసిన మేజోళ్లు తీసుకొచ్చి, మడతపెట్టి అతని పళ్లెం పక్కన పెట్టాను. హోరేస్ వాటిని రెండు వేళ్లతో ఎత్తి, కత్తిరించిన చివరల్లోంచి వెలుతురు చూశాడు.

"ఇవెందుకు?" అన్నాడు.

నిజంగానే తెలియక అడిగాడు. రెనీటా నా వైపు చూసింది, తండ్రి వైపు చూసింది.

"చేతులకి," అన్నాను. "బెండ దురద పెడుతుంది హోరేస్."